కోటు తొడిగేటప్పుడు నేర్పే వ్యాకరణం

ఐర్లండ్‌లో చదువుకున్నవాళ్లు ఐరిష్ మొత్తం మరిచిపోయామన్నా ఒక్క వాక్యం మాత్రం తడుముకోకుండా అప్పజెబుతారు: ‘అన్ విల్ క్యాద్ అగమ్ దుల్ గొ దీ అన్ లెహ్రస్?’ బాత్రూమ్‌కి వెళ్లొచ్చా అని. పదమూడు, పద్నాలుగేళ్లు చదివిన భాషలో మిగిలింది ఇదేనా అని వాళ్లు నొచ్చుకుంటారు. నాకు మాత్రం మంచి బోధన ఎలా ఉండాలో ఆ వాక్యమే చెబుతున్నట్టుంటుంది. అవసరం తీర్చిన మాట గనుక అది నిలిచింది. పరీక్ష కోసం బట్టీపట్టిన వ్యాసాలు పరీక్షతోనే పోయాయి. 2022 జనాభా లెక్కల్లో ఐరిష్ వచ్చన్నవాళ్లు సుమారు 18.7 లక్షలు, బడి బయట రోజూ మాట్లాడేవాళ్లు 72 వేలకు కాస్త తక్కువే.

ఇంగ్లీషు తప్ప మిగతా పాఠాలన్నీ ఐరిష్‌లోనే చెప్పే బడిని గేల్‌స్కోల్ అంటారు. అక్కడ చిన్న తరగతి టీచరు పనితనం చూసి తీరాలి. ఎక్కువమంది పిల్లలు ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లే. ఇంటికెళ్లే వేళ నాలుగేళ్ల పిల్లవాడు కోటు కనబడక ‘మొ కోత’ అంటాడు. ‘నా కోటు’ అనడానికి ‘మొ ఖోత’ అనాలి. ‘మొ’ తర్వాత ‘క’ మెత్తబడి గొంతులోంచి రాసుకుంటూ వస్తుంది. టీచరు తప్పనదు, సూత్రం చెప్పదు. ‘కా విల్ దొ ఖోత?’ (నీ కోటు ఎక్కడ?) అంటూ ఆ ఒక్క ధ్వని మీద కాస్త నిలిచి, తనూ వెతుకుతుంది. దొరికాక ‘ఇదిగో దొ ఖోత’ అన్నదీ ఐరిష్‌లోనే. రెండు నిమిషాల్లో సరైన రూపం నాలుగుసార్లు వాడి చెవిన పడింది. వాడికి తెలిసింది కోటు దొరికిందనే.

అందరివీ కలిపి ‘మా కోట్లు’ అంటే ‘ఆర్ గోతీ’. ఈసారి ‘క’ కాస్తా ‘గ’ అయింది. మన సరళాదేశ సంధిని చదువుకున్నవాళ్లు ఇక్కడ ఉలిక్కిపడతారు: పరుషం సరళమైంది! మనకు ద్రుతం నకారమైతే, ఐరిష్‌లోనూ ఈ మార్పుకు మూలం పూర్వం ముందుమాట చివరనుండి అరిగిపోయిన అనునాసికమే. చుట్టరికం లేని రెండు భాషలు ఒకే పని చేశాయి. పరుషం ఇలాగే మారే తల్లిదండ్రులు, కాయగూరలు వంటి మాటలు అనడానికి మన పిల్లలెవరూ ముందు వ్యాకరణం వల్లించరు. విని విని అనేస్తారు. గేల్‌స్కోల్ టీచరు నమ్ముకున్నదీ ఆ వినికిడినే.

ఆ వినికిడి ఇంట్లోనే మొదలైన చోటూ ఉంది. బెల్‌ఫాస్ట్‌లో పెద్దయ్యాక ఐరిష్ నేర్చుకున్న కొన్ని కుటుంబాలు షాస్ రోడ్డులో ఒకచోట ఇళ్లు కట్టుకుని, 1971లో తొమ్మిదిమంది పిల్లలతో బడి తెరిచాయి. ఇల్లూ బడీ ఒకే భాష మాట్లాడితే టీచరు పని ఎంత తేలికో ఊహించండి.

గేల్‌స్కోల్ పిల్లలందరి ఐరిష్ మచ్చలేనిదని అనను. ధారాళంగా మాట్లాడుతూనే ఇంగ్లీషు వాక్యానికి ఐరిష్ మాటలు తొడిగేస్తుంటారు. పై తరగతుల్లో వ్యాకరణం విప్పి చెప్పాల్సిందే. కానీ అప్పటికి వాళ్ల దగ్గర సరిదిద్దడానికి ఒక భాషంటూ ఉంటుంది.

కొన్ని వారాలకు ఒక మధ్యాహ్నం, ఆ పిల్లవాడే జిప్పుతో కుస్తీ పడుతూ ‘మొ ఖోత’ అంటాడు. టీచరు జిప్పు పైకి లాగి, పక్కవాడి బొత్తాల దగ్గరకు వెళ్తుంది.