ఉక్కునగరపు వెలుగులు

ఈ వారము భిలాయి సివిక్ సెంటరులో చెట్లకు మొదలునుండి చిటారుకొమ్మల దాఁక రంగురంగుల ఎల్‌ఈడీ తీగెలు చుట్టియుండుట చూచి నాకు ఒళ్ళు మండినది.

అసలీ యూరికి ఈ తళుకులేల? 1955లో ఉక్కు కర్మాగారమునకై సోవియట్ యూనియనుతో ఒడంబడిక కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన నాఁటినుండి ఇచటి రాత్రులకు దీపము కర్మాగారమే. శ్రీకాకుళమునుండి పొట్ట చేతఁబట్టుకొని వచ్చి ఇచట కాపురము పెట్టిన మా మేనమామ క్వార్టరులో, వేసవి సెలవులందు ఆరుబయట నులకమంచములపై పరుండి యుండఁగా, కరిగిన స్లాగు, అనఁగా ఇనుప చిట్టెము, కుమ్మరించినపుడెల్ల తూరుపా పడమరా తెలియని మా పసికన్నులయెదుట ఆకసము ఒక్కపెట్టున కుంకుమవర్ణము దాల్చి, గోడపై మా నీడలు కదలి, మెల్లఁగా మాసిపోయెడివి. "స్లాగు పోసేర్రా, మీ మావయ్య డ్యూటీ దిగే వేళయింది" అని అత్తయ్య లేచి అన్నము వడ్డింపఁబోయెడిది. ఆ వెలుఁగునకు ఏ చిత్రకారుఁడు సాటి?

అయితే ఆ యూరు షిఫ్టు గడియారమునకు లోఁబడిన యూరు. సెక్టారు సెక్టారునకు బడియు, అంగడియు అమర్చి, వీధి సంఖ్య తెలిసినచాలు ఇల్లు దొరకునట్లు గీఁతలు గీసిన ఇంజనీర్లు, డ్యూటీ లేనివాఁడు రాత్రివేళ ఎచటఁ గూర్చుండవలెనో తలఁచినట్లు తోఁపదు. అయినను, సమీపమున గనియారీలోఁ బుట్టి, ఈ కర్మాగారముననే కొలువు చేసిన జానపద గాయని తీజన్‌బాయి, చేతి తంబురనే భీముని గదగా ఝళిపించుచు భారతగాథయైన పండవానీ పాడినపుడు, ఏ మైదానమైనను కురుక్షేత్రమగుటకు జనము గుమిగూడుటయే చాలినది; నక్షాతోఁ బనిలేదు.

తీగెలను తిట్టఁబోయి నేనచటనే నిలిచిపోతిని. కోచింగు తరగతులనుండి వచ్చిన పిల్లలు పదిగంటలైనను కదలక కబుర్లాడుచున్నారు. గోడకు ఫోనానించి యొక బాలిక నృత్యము చేయుచుండఁగా, డ్యూటీ దిగిన కార్మికుఁడొకఁడు సైకిలుపైనుండి ఒక కాలు నేల మోపి, టిఫిను డబ్బా ఊఁగుచుండ, కడదాఁక చూచెను. అందము మాట యటుంచి, మా మామయ్య తరమునకు లేని రాత్రి వీరికి దొరకినది. దొరకించినవి నాకు రోఁత పుట్టించిన ఆ దీపములే. అవి యుండవలసినదే.

పిల్లలు కాలిబాట అంచులపైఁ గూర్చుండుచున్నారు. దీపములు పెట్టించిన పెద్దలారా, నాలుగు బల్లలు కూడ వేయింపుఁడు.