కత్తెర పట్టిన కాలజ్ఞాని

మల్లెపొదకు నీళ్లు మానేసి, ఆకు దూసేసి, కొమ్మలు సగానికి కోస్తుంటే ఇంటివాళ్లకు గుండె గుభేలుమంటుంది. తోటమాలి మాత్రం నింపాదిగా కత్తెర ఆడిస్తాడు. మల్లె పూసేది కొత్త చిగుళ్ల మీదే. డిసెంబరు, జనవరిలో ఈ పని చేసి, ఎరువు వేసి నీరు పెడితేనే మార్చి నుంచి జడలకు పూలు.

మామిడి దగ్గరా అదే పట్టుదల. చలి మొదలయ్యాక పూత కనబడేదాకా తడి ఇవ్వడు. ఇస్తే పూతకు బదులు చిగురు తన్నుకొస్తుంది. పిందె బఠాణీ గింజంత అయ్యాకే మళ్లీ పాదులో నీళ్లు. కాపు దిగాక ఎండుపుల్లలూ గుబురు కొమ్మలూ తీసి లోపలికి వెలుతురు పోనిస్తాడు. కోసిన చోట బోర్డో పేస్టు పూస్తాడు: 10 లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం. ప్లాస్టిక్ బకెట్‌లోనే కలపాలి, ఇనుము తగిలితే మందు చెడుతుంది.

కొబ్బరి ఆకులు త్రికోణాలుగా కత్తిరించినట్టు కనిపిస్తే మొవ్వులో కొమ్ము పురుగు చేరినట్టే. ఇనుప కొక్కెంతో దాన్ని బయటికి లాగేస్తాడు.

రోహిణి ఎండలకు మొదళ్లలో ఎండుటాకు కప్పడం, మృగశిర చినుకులకు ఆనప, బీర గింజలు పెట్టడం ఇంట్లో ఎవరైనా చేస్తారు. నీళ్లు ఎప్పుడు ఆపాలో చెప్పగలిగేవాళ్లే అరుదు.

ఇంత పనితనానికి చాలా ఇళ్లలో దక్కేది కలుపు తీసిన కూలీయే. ఈసారి మాలి వస్తే, కత్తిరింపుల వేళ కాసేపు పక్కన నిలబడి చూడండి. కూలీ కూడా కాస్త పెంచండి.