బీటా శాతం చెప్పని సంగతులు

పీవీడీఎఫ్ అని పొట్టిగా పిలిచే పాలీవినైలిడిన్ ఫ్లోరైడ్‌కు, నొక్కితే విద్యుదావేశం పుట్టించే (పీజోఎలక్ట్రిక్) ప్లాస్టిక్ అని పేరు. కానీ 1969లో జపాన్ శాస్త్రవేత్త కవాయి ఈ గుణాన్ని లోకానికి చూపించింది ఉన్నదున్నట్టు తీసుకున్న ప్లాస్టిక్‌తో కాదు. పొరను సాగదీసి, ఆ తర్వాత బలమైన విద్యుత్ క్షేత్రంలో ఉంచాకే ఆ గుణం బయటపడింది. ఈ రెండు పనుల సంగతి ఇప్పుడు పరిశోధన పత్రాల్లో వెనక్కి పోయి, ‘బీటా దశ ఇంత శాతం’ అనే ఒక్క అంకె ముందుకొచ్చి కూర్చుంటోంది. ఆ అంకెను బట్టి పొరకు విలువ కట్టకూడదని నా వాదన. పొర ఎలా తయారైందో చెప్పకపోతే, అది ఎలాంటి పొరో చెప్పనట్టే.

కరిగించి మామూలుగా చల్లారిస్తే ఈ పాలిమర్ ఆల్ఫా దశలో గడ్డకడుతుంది. అందులో పక్కపక్క గొలుసుల ధ్రువాలు ఎదురెదురుగా ఉండి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, విద్యుత్ పరంగా మిగిలేదేమీ ఉండదు. ఆ పొరను 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర పట్టి లాగితే ముందు ఒక్కచోట సన్నబడుతుంది. ఆ సన్నని భాగం రెండు వైపులా పాకుతూ పోతుంది, పొర తెల్లబారుతుంది. నాలుగైదు రెట్లు సాగేసరికి మెలికలు తిరిగిన గొలుసులు నిటారుగా నిలిచి, ఫ్లోరిన్‌లన్నీ ఒక పక్కకు, హైడ్రోజన్‌లన్నీ మరో పక్కకు చేరతాయి. అదే బీటా దశ. వేడి 100 డిగ్రీలు దాటాక ఇదే లాగుడు అంతగా ఫలించదు. గొలుసులు ఒకదానిపై ఒకటి సులువుగా జారిపోవడంతో వాటిని నిటారు చేసేంత బిగువు అందదు, చాలావరకు ఆల్ఫా అలాగే మిగిలిపోతుంది. పైగా ఆ తెల్లదనానికి కారణం లోపల ఏర్పడిన సన్నని ఖాళీలు. బీటా పెంచిన పనే పొరను బలహీనం కూడా చేస్తుందన్నమాట.

డైమిథైల్ ఫార్మమైడ్‌లో కరిగించి, గాజు పలకపై పోసి, 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టినా బీటా వస్తుంది. అంకె బాగానే ఉంటుంది. కానీ ఆ పొర నిండా రంధ్రాలే. ధ్రువాలను ఒకే దిక్కుకు తిప్పాలంటే మైక్రోమీటరు మందానికి 50 వోల్టులకు పైగా క్షేత్రం కావాలి, అంటే 30 మైక్రోమీటర్ల పొరకు 1500 వోల్టులు దాటాలి. రంధ్రమున్న చోట నిప్పురవ్వ లేచి పొర కాలిపోతుంది. క్షేత్రంలో పెట్టకుండా వదిలేస్తే, బీటా ఎంతున్నా దాని ధ్రువాలు జాతరలో జనంలా తలో దిక్కూ చూస్తుంటాయి. మొత్తంగా పొర నుంచి వచ్చేది దాదాపు సున్నా.

అసలు ఆ శాతం కట్టే పద్ధతిలోనే చిక్కుంది. ఎక్కువమంది వాడే సూత్రం పరారుణ వర్ణపటంలో 840 సెం.మీ⁻¹ దగ్గరి పట్టీని బీటాకు గుర్తుగా తీసుకుంటుంది. ఈ పాలిమర్‌కే ఉన్న మరో స్ఫటిక రూపం, గామా దశ పట్టీ కూడా అక్కడే పడుతుంది. 1275, 1234 పట్టీలు చూసి రెంటినీ వేరుచేయకపోతే గామా కూడా బీటా లెక్కలో కలిసిపోతుంది. పైగా ఈ శాతం స్ఫటిక భాగానికే వర్తిస్తుంది. ఈ పాలిమర్‌లో స్ఫటికం సుమారు సగమే కాబట్టి, ‘90 శాతం’ అని రాసిన పొరలో నిజంగా బీటా సగానికి లోపే ఉంటుంది.

‘ఈ గొడవంతా ఎందుకు, చివరికి పొర ఎంత వోల్టేజీ ఇస్తుందో కొలిస్తే చాలదా’ అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఏ ప్లాస్టిక్ పొరను వేలితో తట్టినా ఎంతో కొంత వోల్టేజీ కనిపిస్తుంది. తాకి విడిపోవడంలో పుట్టే స్థిరవిద్యుత్తు అది. పొరను తిరగేసి పెట్టినప్పుడు సంకేతం కూడా తలకిందులైతేనే అది పీజోఎలక్ట్రిక్ అనడానికి ఆధారం దొరుకుతుంది. తట్టి చూపించే ప్రయోగాలు ఈ చిన్న పరీక్షను వదిలేస్తే నేను వాటిని నమ్మలేను. నేటి కొలత రేపటి వేడిని కూడా చెప్పదు. సాగదీసిన పొర 80 డిగ్రీలు దాటితే కుంచించుకుపోతూ ధ్రువత్వాన్ని కోల్పోతుంది. ఏ వేడిలో సాగదీశారో, ఆ తర్వాత బిగించి ఉంచి స్థిరపరిచారో లేదో తెలియకుండా దాన్ని ఇంజిన్ పక్కన ఎవరు అమరుస్తారు?

ట్రైఫ్లోరోఇథిలీన్ కలిపిన కోపాలిమర్ వచ్చాక ఇదంతా పాత గొడవేనన్నది మరో మాట. ఇందులో కొంత నిజం ఉంది. అదనపు ఫ్లోరిన్ అడ్డుపడి గొలుసు ఆల్ఫాలోకి మడత పడదు, కాబట్టి సాగదీయాల్సిన పని లేదు. కానీ పోసి ఆరబెట్టిన కోపాలిమర్ పొరలోనూ స్ఫటికాలు బాగా పెరగాలంటే కరిగే స్థితికి కాస్త తక్కువగా, 135 డిగ్రీల దాపున కొంతసేపు ఉంచాలి. ఆ తర్వాత విద్యుత్ క్షేత్రం ఎలాగూ తప్పదు. సాగదీసే యంత్రం మీద ఉండాల్సిన శ్రద్ధ ఇప్పుడు ఓవెన్ మీదికి మారింది, అంతే. అందుకే ఏ పత్రంలోనైనా బీటా అంకె పక్కనే ఆరబెట్టిన వేడి, సాగదీసిన రెట్లు, పెట్టిన క్షేత్రం, స్ఫటిక శాతం కూడా ఉండాలని అడుగుతున్నాను. ఇవన్నీ కలిపి రాస్తే రెండు వాక్యాలకు మించదు.