ఎండలో సిద్ధమయ్యే చలిమంట

విశాఖ నగరంలో చలికాలమంటే తెల్లవారుజామున ఒక దుప్పటి, అంతే. ఘాటెక్కి లంబసింగి చేరితే సంగతి వేరు. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊళ్లో డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగుతుంది. నగరం నుంచి వెళ్లినవాళ్లు మంచు చూసి, ఫొటోలు దిగి, రోడ్డు పక్క నెగడు దగ్గర చేతులు కాచుకుని వచ్చేస్తారు. ఆ నెగడు పొగ లేకుండా మండుతోందంటే దాని వెనక నెలల పని ఉంది. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లాగా విడిపోయినా, విశాఖవాళ్లకు ఆ కొండప్రాంతం ఇప్పటికీ ‘మన ఏజెన్సీ’యే. అక్కడి ఇళ్ల చూరు కింద పేర్చిన కట్టెల్ని ఒకసారి తీరిగ్గా చూడాలి.

చలికాలపు కట్టెకు అదును వేసవి. జూన్‌లో వానలు పట్టేలోపు కట్టె కొట్టడం, చీల్చడం, ఇంటికి చేర్చడం అయిపోవాలి. నైరుతి వానలు వెనక్కి తగ్గగానే తుపాన్ల కాలం వస్తుంది. ఆ తర్వాత పొగమంచు. ఆ తేమలో పచ్చి కట్టె ఎండదు, ఎండిన కట్టె కూడా చెమ్మ పడుతుంది. కాబట్టి పుష్యమాసంలో మండాల్సిన కట్టె చైత్ర వైశాఖాల ఎండ తాగి ఉండాలి.

ఇంత ముందుచూపు ఎందుకంటే, అప్పుడే నరికిన కట్టె బరువులో సుమారు సగం నీరే. మరిగే లీటరు నీటిని ఆవిరి చెయ్యడానికే దాదాపు 540 కిలోకేలరీలు కావాలి. పచ్చి కట్టె తన వేడితో ముందు తన నీటినే కాచుకుంటుంది. మంట చల్లబడుతుంది, సగం కాలిన ఆవిర్లు పొగై కళ్లలోకీ ఊపిరితిత్తుల్లోకీ పోతాయి. తేమ 20 శాతం లోపుకి దిగితేనే అది పొయ్యిలో పెట్టదగ్గ కట్టె. దీన్ని కొలవడానికి ఇక్కడి ఆడవాళ్లకు మీటరు అక్కర్లేదు. రెండు కట్టెలు ఒకదానికొకటి తగిలిస్తారు. పచ్చివైతే చప్పుడు మొద్దుగా ఉంటుంది, ఎండినవైతే ఖంగుమంటుంది. కోసిన ముఖం మీద నెర్రెలు విచ్చాయా, బెరడు గోటికి ఊడివస్తోందా అని చూస్తారు. చేత్తో ఎత్తగానే బరువే చాలావరకు చెప్పేస్తుంది.

చీల్చడం చూస్తే ఇది కండబలంతో అయ్యే పని అనిపిస్తుంది. నిజానికి కన్నే ఎక్కువ పనిచేస్తుంది. చెట్టు నరికే గొడ్డలికి వాదర పలచగా ఉంటుంది, చీల్చే గొడ్డలికి బుగ్గలు మందంగా ఉంటాయి. మొదటిది నారను తెంపాలి, రెండోది విడదీయాలి. దుంగను మొద్దు మీద నిలబెట్టి ముందు నెర్రె ఎటు పాకిందో చూస్తారు. లావుపాటి దుంగనైతే నడిమధ్యన కొట్టరు, అంచు నుంచి పలక పలకగా విప్పుకుంటూ వస్తారు. గొడ్డలి పైకెత్తడమే చేతుల పని. దింపేటప్పుడు ఆ ఇనుము బరువే దిగుతుంది. ముడి ఉన్నచోట దెబ్బ వేస్తే గొడ్డలి ఇరుక్కుంటుంది, కామ విరుగుతుంది. అందుకే ముడిని పక్కకి వదిలి, నార నిటారుగా సాగినచోట వేస్తారు. మొండికేసిన దుంగకు ఇనుప సీల, సమ్మెట ఉండనే ఉన్నాయి. పచ్చిగా ఉన్నప్పుడే చీల్చడంలోనూ లెక్క ఉంది: సరుగుడు లాంటి గట్టి కర్ర ఎండితే ఇనుమైపోతుంది. పైగా బెరడు నీటిని పట్టి ఉంచుతుంది, చీల్చిన ముఖం వదిలేస్తుంది.

పేర్చడం అసలు పనితనం. అడుగున రాళ్లో, అడ్డంగా రెండు దుంగలో వేసి కట్టెను నేలకు ఎత్తుగా ఉంచుతారు. మట్టిగోడకు ఆనించరు, బెత్తెడు ఖాళీ వదులుతారు. ఆ ఖాళీలో గాలి ఆడుతుంది, చెదలు పాకితే కంటికి కనబడుతుంది. రెండు కొసల్లో కట్టెల్ని నిలువు, అడ్డం వరసలుగా గూడు కట్టి, ఆ రెండు స్తంభాల మధ్య మిగతావి పొడుగ్గా వేస్తారు. అందువల్ల గట్టు జారదు. ఆరుబయట పేర్చినదైతే పైవరసలో బెరడు ఆకాశంవైపు ఉండాలి, అది వాన జార్చేస్తుంది. మంట అంటించడానికి చితుకులు వేరు, తెల్లవార్లూ నిప్పు నిలపడానికి ముడికర్రలు వేరు. చీలికకు లొంగని ఆ ముడి ఇక్కడ పనికొస్తుంది, నిదానంగా కాలుతుంది. మోపు కట్టేటప్పుడు లావు కొసలూ సన్నకొసలూ అటొకటి ఇటొకటిగా పెడతారు. అడ్డ తీగ నారతో బిగిస్తారు. చుట్టకుదురు మీద మోపు ఒరగకుండా నిలిచేది ఆ కూర్పు వల్లే.

ఏ చెట్టు ఎలా కాలుతుందో తెలియడం ఇందులో సగం విద్య. చింత, తుమ్మ నిప్పు ఎక్కువసేపు నిలుపుతాయి. బూరుగు, మునగ ఊరికే భగ్గుమని ఆరిపోతాయి. కాఫీ తోటల్లో నీడకోసం పెంచే సిల్వర్ ఓక్ కొమ్మలు కత్తిరించినప్పుడల్లా అవీ పొయ్యికి చేరతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు తోటల్లో ఈ చెట్లు పెద్దఎత్తున కూలాయి. నగరంలోని అడితుల్లో మాత్రం సరుగుడే రాజు. 1860ల్లో కార్వార్ తీరాన ఆవిరి ఇంజన్ల కోసం నాటిన ఈ చెట్టు ఇప్పుడు ఉత్తరాంధ్ర ఇసుకనేలల పంట. పెళ్లివంటల గాడిపొయ్యి దగ్గర వంటవాళ్లు దీన్నే అడుగుతారు.

ఇంధనం పొడిగా ఉండాలన్న ఈ సూత్రం మీదే పారిశ్రామిక విశాఖ కూడా నడుస్తోంది. దేశంలో 7 మీటర్ల ఎత్తు కోక్ ఓవెన్లు మొదట కట్టింది విశాఖ ఉక్కు కర్మాగారంలోనే. అక్కడ సుమారు వెయ్యి డిగ్రీల వేడిలో బయటికొచ్చిన కోక్‌ను నీళ్లు చల్లి ఆర్పకుండా నత్రజనితో చల్లారుస్తారు. కోక్ పొడిగా ఉంటుంది, ఆ వేడితో ఆవిరి పుట్టించి కరెంటు తీస్తారు. ఇంధనంలో నీరు ఉండకూడదన్నది కొండమీది పొయ్యికీ కింద బ్లాస్ట్ ఫర్నేస్‌కీ ఒకటే నియమం.

కట్టెల విద్యకు ఇతర దేశాల్లోనూ ఆదరణ ఉంది. నార్వేలో రచయిత లార్స్ మిట్టింగ్ కట్టెలు కొట్టడం, పేర్చడం మీద 2011లో రాసిన పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. 2013లో అక్కడి ప్రభుత్వ టీవీ కట్టెల మీదే 12 గంటల కార్యక్రమం వేస్తే, బెరడు పైకి ఉండాలా కిందికి ఉండాలా అని ప్రేక్షకులు తగవుపడ్డారు. మన కొండల్లో అదే విద్య ఉన్నవాళ్ల చరిత్ర ఇంకోలా సాగింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో కట్టె మీద, పోడు మీద ఆంక్షలు వచ్చిపడ్డాయి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద అల్లూరి దళం దాడి వెనక ఉన్న కోపంలో అదీ ఒక పాలు. కంప, మొదళ్లు ఏరుకునే హక్కు 2006 అటవీ హక్కుల చట్టంతో గానీ రాతపూర్వకంగా దక్కలేదు.

1999లో దీపం, 2016లో ఉజ్వల పథకాలు గ్యాసుబండ తెచ్చాయి. ఆడవాళ్ల కళ్లకూ మెడకూ అది మేలే చేసింది. అన్నం ఉడికించే గ్యాసు ఇల్లు వెచ్చబెట్టదు గనుక చలి ఉన్నన్నాళ్లూ కట్టెల గట్టు ఉంటుంది.

ఈ చలికాలం లంబసింగికో అరకుకో వెళ్లి మంట వేసుకోవాలనుకుంటే పచ్చికొమ్మ విరవకండి. ఊళ్లోవాళ్ల దగ్గర ఎండుకట్టె మోపు కొనండి, చెప్పిన ధర ఇవ్వండి. ఒక వేసవి కాలపు శ్రమకు అది ఎక్కువ ధరేం కాదు.