గడీ విందు, మన నవల

తెలంగాణ నవల ప్రస్తావన వస్తే గడీని ఒక పీడన కేంద్రంగా పేర్కొని ముందుకు పోవడం మన విమర్శకు అలవాటైంది. అందులో అబద్ధం లేదు. కాని గడీ ఊరి కూడలి కూడా. దొర ఇంట పెండ్లి, పండుగ, తాలూక్దారు మకాం, సంగీత కచేరి, తగవుల పంచాయితీ - ఊళ్లో నలుగురు కూడే సందర్భాలన్నింటికీ ఆ కమానే దిక్కు. ఈ కూటాలను మన రచయితలు ఎక్కడ నిలబడి చూశారు? సింహద్వారం దగ్గరనా, అతిథుల వరుసలోనా, వంటశాల వెనుకనా? వస్తువు ఒకటే అయినా చూసే చోటు మారితే నవల మారిపోతుంది.

ఇందుకు ఒక ఇంగ్లీషు నవలను పక్కన పెట్టుకుని చూడాలి. విక్టోరియా రాణి కాలంలో ఆంథొనీ ట్రాలప్ రాసిన 'బార్చెస్టర్ టవర్స్' (1857)లో ఉల్లథోర్న్ అనే పల్లెటూరి భవంతి ఉంది. అక్కడి భూస్వామి సోదరి మిస్ థోర్న్ చుట్టుపట్ల జనాన్ని విందుకు పిలుస్తుంది. పెద్దమనుషులకు ఒకచోట, కౌలుదార్లకూ పనివాళ్లకూ వేరొకచోట ఏర్పాటు. లుకలాఫ్ట్ అనే కౌలుదారు భార్య ముస్తాబై, కూతుళ్లను వెంటబెట్టుకుని తిన్నగా పెద్దల గదిలోకి వచ్చి కూర్చుంటుంది. పొమ్మనడానికి మిస్ థోర్న్‌కు నోరు రాదు. అవతల పందిట్లో ఉన్న సాటి కౌలుదారు భార్య మిసెస్ గ్రీనేకర్‌కు ఒళ్లు మండుతుంది. పిలవని విందుకు వచ్చిన ఒక తాపీ పనివాడిని భవంతి పెత్తందారు ప్లొమసీ పట్టుకుంటే గ్రీనేకర్ కల్పించుకుని వాడి పక్షాన మాట్లాడతాడు. ఈ సన్నివేశాలు చదువుతుంటే నవ్వు వస్తుంది. రావాలనే ట్రాలప్ రాశాడు.

ఆ నవ్వు ఎక్కడినుంచి వచ్చింది? ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న తగాదా నుంచి. తగాదా రావాలంటే ముందు కూర్చునే హక్కు ఉండాలి కదా! అక్కడి కౌలుదారుకు కౌలు ఉంది, దానివెంట కొంత పరువూ ఉంది. పరువును పెంచుకోవాలన్న యావలోంచి హాస్యం పుట్టింది. మన గడీలో ఆ ప్రశ్నే లేదు. దొర ముందు మంచం మీద కాదు, అరుగు మీద కూర్చోవడమే నేరం. చెప్పులు చేతబట్టుకుని నడిచే మనిషి ఆసనం కోసం ఎట్లా పోటీపడతాడు? విందుకు అతడు రావడమంటే వెట్టికి రావడమే. గొల్ల గొర్రెను తోలుకు రావాలి, గౌండ్ల కల్లు తేవాలి, కుమ్మరి కుండలు ఇవ్వాలి, చాకలి అంట్లు తోమాలి, మంగలి అతిథుల కాళ్లు పిసకాలి. విందు సరుకూ వాళ్లదే, శ్రమా వాళ్లదే, ఆతిథ్యమన్న కీర్తి మాత్రం దొరది. కాబట్టి తెలంగాణ నవల మర్యాదల హాస్యంగా పుట్టలేదు, పుట్టే వీలూ లేదు. దీనిని మన నవలకు హాస్యం చేతకాకపోవడంగా లెక్కగట్టే విమర్శకులు పునాదిని వదిలి గోడను కొలుస్తున్నారు. ఉల్లథోర్న్‌లో డేరాలు పాతినవాళ్లెవరో, తెల్లారి ఎంగిలి ఎత్తినవాళ్లెవరో ట్రాలప్‌కు పట్టలేదు. ఆ చోటునుంచే మన నవల మొదలైంది.

వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' (1955) గొప్పదనం నాకు ఇక్కడే కనబడుతుంది. దిమ్మెగూడెంలో దేశ్‌ముఖు రామభూపాలరావు గడీ ఒకవైపు, కంఠీరవం చుట్టూ చేరే జనం ఒకవైపు. గడీ కూటానికి ఎదురుగా ఇంకొక కూటం పుట్టడమే ఆ నవల కథ. నిజాం రాజ్యంలో గస్తీ నిషాన్ 53 ప్రకారం బహిరంగ సభకు ప్రభుత్వ అనుమతి కావాలి. దొర విందుకు ఏ గస్తీ అడ్డురాదు. నలుగురు తమంతట తాము కూడితే మాత్రం సర్కారుకు గుబులు. 1930లో జోగిపేటలో జరిగిన ఆంధ్ర మహాసభ విలువ ఈ నేపథ్యంలోనే తెలుస్తుంది. ఈ గుబులు నిజాంతో పోలేదన్నది మా ఇచ్చోడ పక్కనే ఉన్న ఇంద్రవెల్లి చెబుతుంది. 1981 ఏప్రిల్ 20న సంఘం సభకు బయలుదేరిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలోనే 13 మంది చనిపోయారు.

దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' దగ్గర చిక్కు వేరు. గడీ లోపలి జీవితాన్ని అంత దగ్గరగా చూపిన నవలలు మనకు తక్కువ. వెలివాడ నుంచి దొరసాని గది దాకా రంగాచార్యకు భాష తెలుసు, తీరు తెలుసు. ఆడబాప వనజను పాత్రగా నిలబెట్టడం చిన్న సాహసం కాదు. అయితే గడీని మనకు చూపే కన్ను చాలామటుకు పాణిది. అతడు పాట నేర్చినవాడు, బెజవాడ వైపునుంచి ఆశ్రయం వెతుక్కుంటూ వచ్చినవాడు. అంటే అతిథి. బయటివాడు కనుక ఊరివాళ్లకు అలవాటైపోయిన అన్యాయం అతడికి కొట్టవచ్చినట్లు కనబడుతుంది. ఇది రచయితకు కలిసొచ్చింది. కాని అతిథి జాలి వేరు, వెట్టివాడి కడుపుమంట వేరు. దొర పెట్టిన అన్నం తింటూ పాడిన పాటలో ఆ అన్నం ఎక్కడిదన్న ప్రశ్న ఎంతవరకు వినిపిస్తుంది? ఈ కొలతతో చూస్తే నవల మనల్ని పాణి పక్కనే ఎక్కువసేపు కూర్చోబెట్టింది. వనజ పక్కన ఇంకాస్త నిలబెట్టి ఉంటే అది మరో ఎత్తు ఎదిగేది.

ఆ పని చేసింది నవల కాదు, సినిమా. బి. నర్సింగరావు 'దాసి' (1988)లో కెమెరా గడీ వెనుకభాగాన్ని వదలదు. కమలాక్షిగా అర్చన చేసే చాకిరే కథ, మాటలు తక్కువ. దొరకే కాదు, దొర ఇంటికి వచ్చిన అతిథికీ ఆమె శరీరం మర్యాదల్లో ఒక వస్తువు, తాంబూలం వంటిదే. గర్భం వస్తే తీయించివేస్తారు. విందు అన్న మాటకు ఇంత క్రూరమైన అర్థం తెలుగులో మరెవరూ చెప్పలేదని నా అభిప్రాయం.

1978లో జగిత్యాల జైత్రయాత్ర తర్వాత ఉత్తర తెలంగాణలో చాలామంది దొరలు ఊళ్లు విడిచి పట్నాలు చేరారు. గడీలు కొన్ని కూలాయి, కొన్ని బళ్లూ కచ్చేరీలూ అయినాయి. ఈమధ్య వాటిని వారసత్వ కట్టడాలుగా వర్ణిస్తూ స్తంభాల నగిషీనీ, టేకు దూలాలనూ, ఆనాటి విందుల వైభవాన్నీ తలచుకునే రాతలు ఎక్కువైనాయి. నగిషీని చూడవద్దని నేననను. ఆ రాతల్లో వంటశాల ఎందుకుండదు? దూలాలు అడవినుంచి ఎవరి బండ్ల మీద, ఎంత కూలికి వచ్చాయి? గోండు గూడేల పక్కన పాఠం చెప్పుకునే మాబోటివాళ్లు ఈ ప్రశ్న వేస్తే సౌందర్య దృష్టి లేదంటారు. అననీ. గడీ బావిలో నీళ్లు చేదిన ముసలివాళ్లు ఇంకా అక్కడక్కడ మిగిలే ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చుని ఆ పండుగనాడు ఎన్ని కడవలు మోశారో రాసుకునే కథకుడి కోసం నేను ఎదురుచూస్తున్నాను.