ముద్దలో మెదడు, చిప్‌లో దారి

విశాఖ రేవు కట్టడానికి ముఖ్య కారణాల్లో మాంగనీసు ఒకటి. మధ్య పరగణాల గనుల ఖనిజాన్ని దగ్గరి దారిలో సముద్రానికి చేర్చాలని రాయపూర్ నుంచి విజయనగరానికి రైలు మార్గం వేశారు, 1933లో రేవు తెరిచారు. అంతకు నాలుగు దశాబ్దాల ముందే విజయనగరం వైపు కోడూరులో తవ్వకం మొదలైంది. దేశంలో మాంగనీసు గనుల చరిత్రకు అదే ఆరంభం. విశాఖ ఉక్కు కర్మాగారానికి గర్భాంలో సొంత మాంగనీసు గని ఉంది. ఉక్కుకు గట్టిదనం ఇచ్చే ఈ లోహమే ధూళిగానో వెల్డింగ్ పొగగానో ఏళ్ల తరబడి ఊపిరితో లోపలికి పోతే, మెదడులో చేరి మనిషి కొయ్యబారేలా చేస్తుంది. నాడీకణాలు క్షీణించే జబ్బులకు మందు వెతికే రెండు ప్రయోగశాల పద్ధతులను పక్కపక్కన పెట్టి తూచాలంటే, ఈ ఊరి లోహాన్నే గీటురాయిగా పెట్టుకోవాలని నాకనిపిస్తుంది.

మొదటిది మెదడు ఆర్గనాయిడ్. 2013లో వియన్నాలో మాడలిన్ లాంకాస్టర్, యుర్గెన్ నోబ్లిచ్ బృందం మూలకణాలను జెల్ బొట్టులో ఉంచి, పోషక ద్రవంలో మెల్లగా తిప్పుతూ పెంచింది. అవి తమంతట తామే పొరలుగా అమరి, నాలుగు మిల్లీమీటర్ల దాకా ఎదిగిన మెదడు ముద్దలయ్యాయి. రెండోది అంతకు ముందరిది. 2005లో కాలిఫోర్నియాలోని అర్వైన్‌లో ఆన్ టేలర్, నూ లీ జియాన్, వాళ్ల సహచరులు సిలికోన్ రబ్బరులో అచ్చుపోసిన చిన్న చిప్‌లో నాడీకణాలను పెంచి, వాటి తీగలు ఎటు వెళ్లాలో ముందే నిర్ణయించారు. 2006, 2007 సంవత్సరాల్లో షిన్యా యమనాకా చర్మకణాలను మూలకణాలుగా వెనక్కి మళ్లించే విద్య చూపించాక, ఈ రెండు చోట్లా రోగి సొంత కణాలనే నాడీకణాలుగా పెంచే వీలు కలిగింది.

ఆర్గనాయిడ్ సొగసును తక్కువ చేయలేను. 2016లో సింగపూర్ శాస్త్రవేత్తలు నడిమెదడు ఆర్గనాయిడ్లు పెంచితే, వాటిలో నల్లటి రేణువులు కనిపించాయి. అది న్యూరోమెలనిన్. పార్కిన్సన్స్ జబ్బులో చచ్చిపోయే డోపమిన్ కణాలకు ఆ నలుపే గుర్తు. ఎలుక మెదడులో ఆ నలుపు పేరుకోదు. మనిషికే చెందిన ఆనవాలు ఒకటి గాజు పళ్లెంలో కళ్లకు కట్టడం చిన్న విషయం కాదు. కానీ ఆ ముద్దలో రక్తనాళాలు లేవు. కాస్త పెరిగేసరికి నడిమధ్య కణాలు ఆక్సిజన్ అందక చనిపోతాయి. దేన్ని ఎక్కడికి కలపాలో చెప్పే చిరునామా ఉండదు. ఒక బ్యాచ్‌లో ఎదిగిన పది ముద్దలు పది తీరులుగా ఉండొచ్చు. మందు వేశాక కనబడిన తేడా మందు వల్ల వచ్చిందా, ముద్ద తీరు వల్ల వచ్చిందా అని తేల్చుకోవడానికే సగం శ్రమ పోతుంది.

చిప్‌లో ఉన్నది చాలా తక్కువ. ఇటు ఒక గది, అటు ఒక గది, మధ్య గోడలో వరసగా సన్నటి గాళ్లు. ఒక్కో గాడి వెడల్పు సుమారు 10 మైక్రాన్లు, ఎత్తు 3 మైక్రాన్లు. నాడీకణం దేహం అందులో పట్టదు. దాని తీగ, అంటే యాక్సాన్, మాత్రం దూరి అవతలి గదికి చేరుతుంది. ఒక గదిలో ద్రవం మట్టం కాస్త ఎత్తుగా ఉంచితే గాళ్లలో ప్రవాహం ఒకే దిక్కుకు మెల్లగా సాగి, రెండో గదిలో వేసిన మందును ఇవతలికి రానివ్వదు. అంటే కణం దేహానికి విషం పెట్టి, తీగ కొనకు మందు పెట్టి, విడివిడిగా చూడొచ్చు. 2011లో పారిస్‌లో పేరాన్ బృందం ఆ గాళ్లను ఒక వైపు వెడల్పుగా, మరో వైపు ఇరుకుగా మలిచింది. తీగలు ఇటు నుంచి అటు తేలిగ్గా పోతాయి, అటు నుంచి ఇటు రావడం కష్టం. కింద ఎలక్ట్రోడ్లు పరిస్తే సంకేతం బయల్దేరిందా, చేరిందా, ఎంత ఆలస్యంగా చేరిందన్న లెక్క దొరుకుతుంది. నార్వేలో ట్రాండ్‌హైమ్‌లోని శాండ్‌విగ్‌ల బృందం ఇలాంటి దిశ గల సర్క్యూట్లనే కట్టి, జబ్బు తెచ్చే ప్రోటీన్ల వల్ల ఆ రాకపోకలు ఎలా మారతాయో గమనిస్తోంది.

రేవులో ఖనిజం గుట్ట ఎంత ఉందన్నది ఒక లెక్క, కన్వేయర్ బెల్టు మీదుగా అది ఓడకు చేరుతోందా అన్నది ఇంకో లెక్క. ఆర్గనాయిడ్ మొదటి లెక్క చెబుతుంది, చిప్ రెండోది. రోగి బాధ ఎప్పుడూ రెండో లెక్కలోనే ఉంటుంది.

ఇక మాంగనీసు సంగతి. 1837లోనే గ్లాస్గో వైద్యుడు కూపర్ మాంగనీసు ఖనిజం నూరే కూలీల్లో కాళ్ల బలహీనత, తూలే నడక, మాట ముద్దకావడం రాసిపెట్టాడు. ఈ జబ్బు చూడటానికి పార్కిన్సన్స్‌లాగే ఉంటుంది. 1960ల్లో జార్జ్ కొట్జియాస్ చిలీ గని కార్మికులను పరీక్షించాడు. పార్కిన్సన్స్‌కు ఎక్కువ మోతాదులో డోపా ఇస్తే గుణం కనిపిస్తుందని 1967లో చూపించిందీ ఆయనే. (ఆ ఎల్-డోపాను 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి మన దూలగొండి గింజల నుంచి వేరుచేశారు. ఇది మనవాళ్లు మరిచిపోకూడని మాట.) అదే మందును ఆయన మాంగనీసు రోగులకూ ఇచ్చాడు, కొందరికి మేలు కనిపించింది. తర్వాతి కథ వేరు. 1980ల్లో తైవాన్‌లో ఒక ఫెర్రోమాంగనీసు కర్మాగారంలో గాలి తోడే ఏర్పాటు పాడైనప్పుడు కొలిమి దగ్గర పనిచేసిన కార్మికులు జబ్బుపడ్డారు. స్కాన్ తీస్తే డోపమిన్ తీగలు చాలావరకు బాగానే ఉన్నాయి. ఎల్-డోపా నిలకడైన మేలు చేయలేదు. దెబ్బ ప్రధానంగా తగిలింది ఆ తీగలకు దిగువనున్న గ్లోబస్ పాలిడస్ (పాలిడమ్) మీద. బిగుతు అదే, మందకొడితనం అదే, లైను తెగిన చోటు మాత్రం వేరు.

ఇక్కడే నా తీర్పు తేలిపోతుంది. నల్ల రేణువుల ఆర్గనాయిడ్‌ను మాంగనీసులో ముంచి కణాల చావు లెక్కపెడితే, ఎక్కువ మోతాదులో ఏదో చావు కనబడుతుంది, దాన్ని ఆపే మందూ దొరుకుతుంది. ఆ మందు కాపాడేది రోగిలో అసలు అంతగా పోని కణాలను. డోపమిన్ తీగలు చేరే స్ట్రయేటమ్ కణాలు ఒక గదిలో, పాలిడమ్ కణాలు మరో గదిలో పెట్టి, రెండో గదికే మాంగనీసు ఇచ్చి, సంకేతం ఎక్కడ ఆగుతోందో వింటే, ప్రశ్న రోగి దగ్గరి ప్రశ్నే అవుతుంది. పళ్లెంలోనూ రోగిలోనూ కొలత ఒకటైతే ఏం జరుగుతుందో చెప్పే ఉదాహరణ ఎ.ఎల్.ఎస్. అనే నాడీక్షీణ జబ్బులో ఉంది. 2014లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు రోగుల కణాల నుంచి పెంచిన మోటారు న్యూరాన్లు (కండరాలను నడిపే నాడీకణాలు) అతిగా స్పందిస్తున్నాయని ఎలక్ట్రోడ్లతో కనిపెట్టారు. మూర్ఛ మందు రెటిగాబిన్ ఆ అతిని తగ్గించింది. 65 మంది రోగుల మీద జరిపిన పరీక్ష ఫలితం 2021లో వెలువడింది. వాళ్ల నాడుల్లోనూ ఆ అతి తగ్గింది. జబ్బు నడక నెమ్మదించిందని తేల్చేంత పెద్ద పరీక్ష కాదది. అయినా పళ్లెంలో విన్న శబ్దమే మనిషిలోనూ వినబడింది.

చిప్‌కు లోటు లేదని కాదు. మాంగనీసును ఎక్కువగా పట్టి ఉంచుకునేవి న్యూరాన్ల పక్కనుండే ఆస్ట్రోసైట్ కణాలు. వాటి ముఖ్యమైన ఎంజైమ్ ఒకటి మాంగనీసును వాడుకుంటుంది. న్యూరాన్లు మాత్రమే నాటిన చిప్ ఆ కథను సగమే చెబుతుంది. ఆర్గనాయిడ్‌లో, నెలలు గడిచాకైనా, ఆ కణాలు వాటంతట అవే పుడతాయి. ఈ విషయంలో ముద్దే ముందుంది. శాస్త్రవేత్త సెర్జ్యు పాష్కా 2017 నుంచి వేర్వేరు ముద్దలను జతచేసి పెంచుతున్న పద్ధతి ఈ రెంటికీ నడుమ దారి. దిశను పూర్తిగా చేతిలోకి తీసుకోకపోయినా, ఎవరు ఎవరితో కలవాలన్నది అది నిర్ణయిస్తుంది.

రెంటికీ ఉమ్మడి లోటు వయసు. చర్మకణాన్ని మూలకణంగా మళ్లించేసరికి దాని ముసలితనం చాలావరకు చెరిగిపోతుంది. అరవై ఏళ్ల వెల్డర్ కణం నుంచి పుట్టిన న్యూరాన్ పసిగుడ్డులా ఉంటుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కల్లూరి సుబ్బారావు దశాబ్దాల పాటు పరిశోధించింది సరిగ్గా దీన్నే: వయసు మీరిన మెదడు కణాల్లో డీఎన్ఏ మరమ్మతు ఎందుకు మందగిస్తుందన్నది. ఆ పని చదివినవాళ్లెవరూ వయసు లేని న్యూరాన్ మాటను పూర్తిగా నమ్మరు. మూలకణం మెట్టు ఎక్కించకుండా చర్మకణాన్ని నేరుగా న్యూరాన్‌గా మారిస్తే వయసు గుర్తులు మిగులుతాయని 2015లో రస్టీ గేజ్ ప్రయోగశాల చూపింది. అలాంటి కణాలు గదుల్లో నాటడానికి అనువు, ముద్దగా పెంచడానికి కావు. ఇదీ చిప్ వైపే తూగుతుంది.

ఈ విద్య మనకు పరాయిది కాదు. విశాఖలోనూ ఆసుపత్రి ఉన్న ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, హైదరాబాద్ ప్రయోగశాలలో ఇలాంటి మూలకణాల నుంచే కార్నియా ఆర్గనాయిడ్లు పెంచి 2017లో ప్రకటించింది. కొత్త మందుల పరీక్షలో జంతువులకు బదులు ఆర్గనాయిడ్లు, చిప్‌లు వాడటాన్ని మన కేంద్ర ప్రభుత్వం 2023లో నిబంధనల్లోకి తెచ్చింది. నాకు విశాఖలో చూడాలని ఉన్నది ఒక్క ప్రయోగం: పాలిడమ్ గదిలో ఆస్ట్రోసైట్లు కలిపిన సర్క్యూట్, దానికి కొలిమి దగ్గర పనిచేసిన మనిషి ఇష్టపడి ఇచ్చిన చర్మం ముక్క. చైనా వైద్యులు మాంగనీసు రోగుల మీద వాడి చూసిన పాత క్షయ మందు పారా అమినో సాలిసిలిక్ ఆమ్లాన్ని, లోహాన్ని బయటికి లాగే ఇ.డి.టి.ఎ.ను దానిలో పక్కపక్కన పెట్టి పరీక్షించొచ్చు. అడగాల్సింది ఎన్ని కణాలు బతికాయని కాదు. మాంగనీసు తీసేశాక సంకేతం మునుపటి వేగంతో అవతలికి చేరిందా, చేరకపోతే ఎన్నాళ్ల తర్వాత వేసిన మందు ఇక పనికిరాకుండా పోయింది అని అడగాలి. గని కార్మికుడిని ఎప్పుడు ఆ పని నుంచి తప్పించాలో వైద్యుడు చెప్పడానికి ఆ రెండో జవాబు కావాలి.