32 కిలోబైట్లలో పాండవుల గుట్ట

విల్ క్రౌథర్ గుహలు తిరిగిన మనిషి. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహల్లో పాకుతూ, కొలతలు తీస్తూ, పటాలు గీసిన వాళ్లలో ఒకడు. బతుకుదెరువు మాత్రం కంప్యూటర్ల మీద. 1975-76 ప్రాంతంలో, భార్యతో విడిపోయాక, కూతుళ్లు ఆడుకుంటారని తనకు బాగా తెలిసిన గుహనే ఒక ప్రోగ్రాముగా రాశాడు. అందులో బొమ్మ ఒక్కటీ ఉండదు. మీరు ఎక్కడున్నారో రెండు మూడు వాక్యాల్లో చెబుతుంది. ఏం చేయదలిచారో మీరు టైపు చేయాలి. 1977లో స్టాన్‌ఫర్డ్‌లో డాన్ వుడ్స్ దానికి మరిన్ని గదులు, నిధులు చేర్చాడు. టెక్స్ట్ అడ్వెంచర్ అనే సంప్రదాయానికి అదే మొదలు.

గుహ కోసం మనం కెంటకీ దాకా పోనక్కర్లేదు. భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలో పాండవుల గుట్టలున్నాయి. ఇసుకరాతి చరియల కింద ఎరుపు, పసుపు, తెలుపు, ఆకుపచ్చ రంగుల్లో ఆదిమ మానవుల బొమ్మలు ఇప్పటికీ కనిపిస్తాయి. గొంతెమ్మ గుహ, తుపాకుల గుండు, ఎదురు పాండవులు అన్న పేర్లు వింటేనే ఆట పటం సగం గీసినట్టు అనిపిస్తుంది. మా వైపు దంతాలపల్లిలో పెరిగిన పిల్ల ఈ గుట్టల్లో తిరిగే ఆటను తను మాట్లాడే మాటల్లోనే ఆడాలి, అదీ ఒక పాత హోమ్ కంప్యూటర్ మీద. అందుకు ఏమేం కావాలో చెప్పాలని నా ప్రయత్నం.

పాత యంత్రమే ఎందుకు? ఫోనులో తెలుగు అక్షరం కనిపించడానికి ఎన్ని పనులు జరుగుతున్నాయో మన కంట పడదు. పాత యంత్రంలో ప్రతి పనీ మన చేత్తోనే చేయాలి కనుక, ఏది ఎందుకు అవసరమో తెలిసిపోతుంది. నేను ఎంచుకున్నది బీబీసీ మైక్రో. 1981 చివర్లో ఇంగ్లండులో వచ్చిన ఈ యంత్రం మన దేశానికి కొత్తది కాదు. కేంద్ర ప్రభుత్వం 1984లో ‘క్లాస్’ పథకం కింద బడుల్లో కంప్యూటర్ చదువు మొదలుపెట్టినప్పుడు, తొలి విడతలో సుమారు 250 బడులకు వెళ్లింది ఈ యంత్రాలే. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ దీన్నే ‘యూనికార్న్’ పేరుతో తయారుచేసింది. 6502 ప్రాసెసర్, 2 మెగాహెర్ట్జ్ వేగం, 32 కిలోబైట్ల మెమరీ. ఇవాళ అసలు యంత్రం దొరక్కపోయినా ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ పెట్టుకుంటే అవే హద్దుల్లో పని చేయవచ్చు.

32 కిలోబైట్లలో గుట్టలు, గుహలు, వస్తువులు, సంభాషణ అన్నీ ఎలా పడతాయి? ఈ చిక్కుకు అందమైన పరిష్కారం 1979లో దొరికింది. జోర్క్ అనే పెద్ద ఆటను చిన్న కంప్యూటర్లలోకి దించడానికి ఇన్ఫోకామ్ సంస్థ వాళ్లు జోయెల్ బెరెజ్, మార్క్ బ్లాంక్ ఒక ఊహా కంప్యూటర్‌ను రూపొందించారు. దాని పేరు జెడ్-మెషీన్. కథంతా ఆ ఊహా కంప్యూటర్ భాషలో ఒకే ఫైలుగా ఉంటుంది. ఒక్కో అసలు కంప్యూటర్‌కు, ఆ ఫైలును చదివి నడిపించే చిన్న క్లయింటును విడిగా రాస్తారు. కథ మొత్తం మెమరీలో ఉండాల్సిన పని లేదు. మారుతూ ఉండే భాగం, అంటే ఏ వస్తువు ఎక్కడుంది, ఏ తలుపు తెరిచి ఉంది వంటి సంగతులు మాత్రమే ఎప్పుడూ మెమరీలో ఉంటాయి. మిగతాదాన్ని ఫ్లాపీ మీంచి 512 బైట్ల ముక్కలుగా, అవసరమైనప్పుడు తెచ్చుకుంటారు. చోటు చాలకపోతే ఎక్కువసేపు ముట్టని ముక్కను తీసేస్తారు. ఇన్ఫోకామ్ ఎప్పుడో మూతపడింది కానీ ఆ ఫైళ్లు ఇవాళ్టి ఫోన్లలోనూ నడుస్తున్నాయి. పాత యంత్రాలకు కొత్త క్లయింట్లు రాసేవాళ్లూ ఉన్నారు. యోహాన్ బెర్న్ట్‌సన్, ఫ్రెడ్రిక్ రామ్స్‌బెర్గ్ కమడోర్ 64 కోసం రాసిన ఓజ్మూ అలాంటిదే. మన గుట్టల కథను కూడా ఒకసారి ఇలా రాసిపెట్టుకుంటే, యంత్రం మారినప్పుడల్లా మార్చాల్సింది క్లయింటునే.

ఇక తెర. బీబీసీ మైక్రోలో ఇంగ్లీషు అక్షరానికి ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు సరిపోతాయి. తెలుగుకు చాలవు. ‘క్షి’ అని రాయాలంటే పైన గుడి, మధ్యలో అక్షరం, కింద వత్తు రావాలి. 320 చుక్కల వెడల్పు, 256 చుక్కల ఎత్తు ఉండే మోడ్ 4 తీసుకుని, ఒక్కో అక్షరానికి వెడల్పు 16, ఎత్తు 24 ఇద్దాం. అందులో కింది 8 వరసలు వత్తులకే. అలా చేస్తే వరసకు 20 అక్షరాలు, తెరకు 10 వరసలు వస్తాయి. ఈ తెరకే 10 కిలోబైట్లు పోతాయి. యంత్రపు సొంత వ్యవస్థ, ఫ్లాపీ వ్యవస్థ వాడుకునేది తీసేస్తే మనకు మిగిలేది 16,128 బైట్లు.

35 హల్లులకు 13 గుణింతాల చొప్పున అన్నిటి బొమ్మలూ దాచుకుంటే, వత్తులు లేకుండానే 14,560 బైట్లు అవుతాయి. ఇంకేం మిగిలింది! అందుకే అక్షరాన్ని విడదీయాలి. హల్లును తలకట్టు లేకుండా ఒక బొమ్మగా, తలకట్టును, గుడిని, ఏత్వాన్ని వేరే బొమ్మలుగా, వత్తులను మరో వరసగా పెట్టుకుని, తెర మీదికి పంపేటప్పుడు ఒకదాని మీద ఒకటి కలిపేయాలి. 6502లో ఓఆర్ఏ అనే ఒక్క ఆదేశంతో చుక్కలు కలిసిపోతాయి. అప్పుడు మొత్తం అక్షరాల పెట్టె రెండున్నర కిలోబైట్లకు దిగుతుంది. జ, ట, ణ, బ, ల వంటి వాటికి తలకట్టు లేదు కాబట్టి వాటికొక గుర్తు పెట్టుకోవాలి. పు, వులలో కొమ్ము చేరే తీరు వేరు. ము, యు, ఘోలకు విడిగా బొమ్మలే గీసుకోవాలి. బమ్మెర పోతన పేరుతో తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసిన ఫాంటును మనం ఏళ్లుగా వాడుతున్నాం. ఆ ఫాంటు లోపల ఈ కలపడాలన్నిటికీ పట్టికలున్నాయి. వాటి విలువ, అలాంటి పట్టికలు సొంతంగా రాసుకుంటే తప్ప తెలియదని నా నమ్మకం.

కథ దాచుకునే తీరులో మాత్రం అదృష్టం మనవైపే ఉంది. జెడ్-మెషీన్ రెండు బైట్లలో మూడు అక్షరాలు ఇరికిస్తుంది, అంటే అక్షరానికి ఐదు బిట్లు. తరచూ వచ్చే 26 గుర్తులకు ఒక గడి, మిగతావాటికి రెండు గడులు పడతాయి. ఐదో వెర్షన్‌లో ఈ అక్షరమాలను మనకిష్టమైనట్టు మార్చుకోవచ్చు. అందులో 76 గుర్తులకు చోటుంది. వాడుక తెలుగుకు అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, సున్నా, విసర్గ, పొల్లు అన్నీ కలిపితే నా లెక్కకు 63. ఇవాళ్టి ఫైళ్లలో ఒక్కో తెలుగు గుర్తుకు 24 బిట్లు ఖర్చవుతుంటే, 1979 నాటి పొదుపులో ఐదో పదో సరిపోతాయి.

కీబోర్డు సంగతి చిన్నదే. 1990ల మొదట్లో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువాళ్లు ఆర్‌టీఎస్ లిప్యంతరీకరణను తయారుచేశారు. దాన్ని వాడితే ఇంగ్లీషు మీటలతోనే తెలుగు కొట్టవచ్చు. మార్చే కోడు చిన్నది.

అసలు పరీక్ష పార్సర్ దగ్గర, అంటే ఆటగాడు కొట్టిన వాక్యాన్ని అర్థం చేసుకునే భాగం దగ్గర. ఈ సంప్రదాయం మొదటి నుంచీ మాటను కత్తిరించే గుర్తుపెట్టుకుంది. క్రౌథర్ ఆట మాటలో మొదటి ఐదు అక్షరాలే చూసేది, ఎందుకంటే పీడీపీ-10 కంప్యూటర్‌లో ఒక మెమరీ పదంలో పట్టేవి అన్నే. 1978లో స్కాట్ ఆడమ్స్ టీఆర్‌ఎస్-80 కోసం రాసిన అడ్వెంచర్‌ల్యాండ్ మూడు అక్షరాలతో సరిపెట్టుకుంది. జోర్క్ ఆరు గడులు చూస్తే, ఐదో వెర్షన్ తొమ్మిది చూస్తుంది. ఇంగ్లీషులో మాట తల ఉంటే చాలు, తోక పోయినా పనవుతుంది. తెలుగులో పని చెప్పేదే తోక. ‘తాళంచెయ్యి’కి గుర్తులు పది. తొమ్మిది దగ్గర కోసేస్తే ‘తాళంచెయ్యిని’, ‘తాళంచెయ్యితో’ రెండూ ఒకటే అయిపోతాయి. తలుపును తాళంచెయ్యితో తియ్యమన్నామా, తాళంచెయ్యినే తియ్యమన్నామా అన్నది యంత్రానికి తెలియదు. పదాల వరసను బట్టి కూడా చెప్పలేం, ఎందుకంటే మనం ‘తలుపు తాళంచెయ్యితో తియ్యి’ అన్నా అంటాం, ‘తాళంచెయ్యితో తలుపు తియ్యి’ అన్నా అంటాం.

దీనికి దారి గ్రాహమ్ నెల్సన్ 1993లో విడుదల చేసిన ఇన్ఫార్మ్ భాషలో ఉంది. ఇంగ్లీషు కాని భాషల కోసం అందులో ఒక మెట్టు ఉంచారు. ఆటగాడి వాక్యాన్ని పార్సర్ ముట్టకముందే మన కోడు దాన్ని తిరగరాయవచ్చు. తెలుగు కోసం ఆ మెట్టు మీద చేయాల్సిన పని మాటను చివరి నుంచి చదవడం. ‘కందిల్ని రాతి మీద పెట్టు’ అని కొట్టారనుకుందాం. చివరి మాట క్రియ, దాన్ని ముందుకు తేవాలి. ‘కందిల్ని’లో ‘ని’ తీసేసి, పొల్లు మీద పోయిన గుడిని తిరిగి పెడితే ‘కందిలి’ వస్తుంది. ‘రాతి’ని పట్టికలో చూస్తే ‘రాయి’ దొరుకుతుంది. ఇంటి-ఇల్లు, చేతి-చెయ్యి కూడా ఆ పట్టికలోవే. ‘మీద’ను రాయి ముందుకు జరిపితే పార్సర్ ఎదురుచూసే వాక్యం తయారు.

ప్రత్యయం కోసే ముందు మాట మొత్తాన్ని నిఘంటువులో వెతకాలన్నది మరువకూడని నియమం. లేకపోతే భూపాలపల్లి బొగ్గు ‘గని’ కాస్తా ‘గ’ అవుతుంది, ‘చాకు’ ‘చా’గా మిగులుతుంది.

మా వైపు మాటలో ఇంకో మెలిక ఉంది. పుస్తకాల్లో ‘సంచిలో’ అని రాసేదాన్ని దంతాలపల్లిలో ‘సంచిల’ అంటారు. ‘గుహలోకి వెళ్లు’ ఇక్కడ ‘గుహలకు పో’. ఈ ‘ల’ బహువచనంలోనూ వస్తుంది. ‘గుహల’ అంటే గుహలో అనా, చాలా గుహల అనా? క్రియను అడగాలి. పెట్టు, ఎయ్యి, దూరు, పో అనేవి చోటును కోరే క్రియలు. వాటి ముందు ‘ల’ వస్తే, ఆటలో ఆ పేరుతో ఒకటే వస్తువు ఉంటే, ‘లో’ అనే తీసుకోవాలి. ‘గొంతెమ్మ గుహల బొమ్మలు చూడు’ దగ్గర ఏ అర్థం తీసుకున్నా కనబడేవి అవే బొమ్మలు కనుక తేల్చాల్సిన పనే లేదు. ఇలాంటి చోట్ల ఊరుకోవడం కూడా పార్సర్ రాసేవాడి నేర్పే.

ఇన్ఫోకామ్ తన ఆటలను బయటికి పంపేముందు పరీక్షకులతో ఆడించేది. యంత్రానికి అర్థంకాని వాక్యాలు ఏవేవి కొట్టారో చూసి నిఘంటువు పెంచేది. ఈ పనిని మన దగ్గర బడి పిల్లలతో, ముసలోళ్లతో చేయించాలని నా కోరిక. టైపు రాని ముసలమ్మ నోటితో చెబితే మనుమరాలు కొడుతుంది. కందిలిని ఒకరు వెలిగించమంటారు, ఒకరు ముట్టియ్యమంటారు, ఇంకొకరు అంటుపెట్టమంటారు. వచ్చిన ప్రతి మాటా నిఘంటువులో చేరాలి. చోటు చాలకపోతే రెండు గదుల వర్ణన తగ్గించుకోవచ్చు కానీ, ఆడేవాళ్లు పలికే క్రియను తిప్పికొట్టకూడదు. ఐదో వెర్షన్ నిఘంటువులో ఒక్కో మాటకు మామూలుగా పట్టేది 9 బైట్లే. ఆర్పు, మల్పు, బందుచెయ్యి మూడింటికీ కలిపి 27.